పెరటి చెట్టు వైద్యానికి పనికొస్తుంది!
మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దల కోసం ఇంటి తోట

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళ విషయంలో ఈ సామెతను కాస్త సవరించుకోవాలి. ఆకో బెరడో నూరి పొయ్యమని చెప్పబోవడం లేదు. పెరట్లో వాళ్ళను భయం లేకుండా తిరగనివ్వడం, అక్కడ వాళ్ళ చేతికి ఏదో ఒక పని దొరకడం - ఈ రెండే వాళ్ళకు ఎంతో మేలు చేస్తాయి.

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ - ఏ ఊళ్ళోనైనా ఇలాంటి ఇల్లు ఒకటి మీకు తెలిసే వుంటుంది. దీపాలు పెట్టే వేళకు ఇంటి పెద్దాయన లేచి నిలబడతారు. "ఇంటికి పోత" అంటారు. "ఇదే మన ఇల్లు గద నాయినా" అని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా వినరు. గొళ్ళెం తియ్యబోతారు. తాళం వేస్తే తలుపు బాదుతారు. తాళం తీస్తే వీధిన పడి ఎటో వెళ్ళిపోతారు. పొయ్యి మీద కూర మాడుతున్నా కోడలు ఆయన వెంట పరుగెత్తవలసిందే. రాత్రి ఆయన నిద్రపోరు, ఇంట్లోవాళ్ళను పోనివ్వరు. చివరికి అందరూ కలిసి ఆయన్ను ఒక గదిలో పెట్టి బయట గడియ వేస్తారు. వేసినందుకు తామే బాధపడతారు.

తాళానికీ వీధికీ మధ్య మూడో చోటు ఒకటి వుంది. అది పెరడు. దాన్ని ఈ జబ్బుకు తగినట్టు సర్దుకోవడం ఎలాగో చూద్దాం.

ముందు డాక్టరుకు చూపించండి

కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం వయసు లక్షణం. కళ్ళజోడు దేనికో మరచిపోవడం జబ్బు లక్షణం. ఇప్పుడే అన్నం తిని, "నాకు బువ్వ పెట్టలేదు" అనడం, నలభై ఏళ్ళు నడిచిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్క తేలకపోవడం, సొంత బిడ్డను పోల్చుకోలేకపోవడం - ఇవన్నీ డిమెన్షియా అనే స్థితికి గుర్తులు. దీనికి ముఖ్యమైన కారణం ఆల్జీమర్స్ జబ్బు. జర్మన్ డాక్టరు అలోయిస్ ఆల్జీమర్ 1906లో దీన్ని మొదటిసారి వివరించాడు. మెదడులో రక్తనాళాలు దెబ్బతినడం మరో ముఖ్య కారణం. రక్తపోటు, షుగరు అదుపులో లేనివారికి ఈ ప్రమాదం ఎక్కువ.

2023లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటిన ప్రతి 100 మందిలో సుమారు ఏడుగురికి ఈ స్థితి వుంది. అంటే దాదాపు 88 లక్షల మంది. కాబట్టి మీ ఇంట్లో ఒకరికి వస్తే సిగ్గుపడి దాచిపెట్టవలసిన పని లేదు. గాలి సోకిందనో, చేతబడి అనో తిరిగి కాలం పాడుచేసుకోనూ వద్దు.

కొన్ని రకాల మతిమరుపును చికిత్సతో తగ్గించవచ్చు. థైరాయిడ్ తగ్గడం, బి12 విటమిను లోపం, దిగులు జబ్బు, తలకు దెబ్బ తగిలి లోపల నెత్తురు చేరడం, కొన్ని నిద్రమాత్రలు - ఇవన్నీ మతిమరుపులాగే కనిపిస్తాయి. అందుకని తోట పని మొదలుపెట్టే ముందు ఒకసారి పరీక్షలు చేయించాలి. కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, ఆదిలాబాద్ రిమ్స్‌లోగాని మొదట చూపించుకోవచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా మనిషి తికమకపడుతుంటే అది మూత్రంలో ఇన్‌ఫెక్షను, జ్వరం, ఒంట్లో ఉప్పు తగ్గడం వంటివాటివల్ల కావచ్చు. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

తోట ఏం చేస్తుంది?

తోట ఈ జబ్బును నయం చెయ్యదు. పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తీసుకురాదు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. అది చేసే మేలు వేరే రకమైనది.

పొద్దుటి వెలుతురు కంటికి తగిలితే శరీరంలోని గడియారం సరిగా నడుస్తుంది. రోజంతా చీకటి గదిలో కూర్చునేవారికి పగలు కునుకు, రాత్రి మెలకువ. నడిస్తే కాళ్ళలో బలం నిలుస్తుంది, విరేచనం సాఫీ అవుతుంది, ఆకలి వేస్తుంది. చేతికి పని దొరికితే గాభరా తగ్గుతుంది. ఆరుబయట తిరిగే అవకాశం వున్న రోగులపై జరిగిన 17 అధ్యయనాలను 2014లో ఇంగ్లండు పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. తోటలో గడిపినవారిలో ఆందోళన తగ్గుతున్న సూచనలు వాటిలో కనిపించాయి. అవన్నీ చిన్న అధ్యయనాలే. అయినా ఇందులో ఖర్చు తక్కువ, జాగ్రత్తగా చేస్తే నష్టమూ తక్కువ కనుక ప్రయత్నించవచ్చు.

చెట్టును చూడటంవల్లనే ఒంటికి మేలు జరుగుతుందా అని అనుమానించేవారికి ఒక ముచ్చట. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రజ్ఞుడు పిత్తాశయం ఆపరేషను అయిన రోగుల రికార్డులు పరిశీలించి 1984లో ఒక వ్యాసం ప్రచురించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మందిని, ఇటుక గోడ కనిపించిన 23 మందిని పోల్చాడు. చెట్లు కనిపించినవారు త్వరగా ఇంటికి వెళ్ళారు. నొప్పికి బలమైన మందులు కూడా వాళ్ళకు తక్కువే పట్టాయి.

ఆ దేశంలోనే పోర్ట్‌లాండ్ నగరంలో 2002లో మతిమరుపు వున్నవారి కోసమే ఒక పార్కులో ప్రత్యేకమైన తోట వేశారు. లోపలికి వెళ్ళే దారి ఒక్కటే. బాట చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. మొక్కలు నడుమెత్తున అందుతాయి. ఇందులో మన పెరట్లో చేసుకోలేనిది ఒక్కటీ లేదు.

బాట గుండ్రంగా వుండాలి

ఈ జబ్బులో నడక ఆగదు. దారి ఎక్కడైనా గోడ దగ్గర ఆగిపోతే అక్కడే నిలబడి కంగారుపడతారు. వెనక్కి తిరగాలన్న ఆలోచన తట్టదు. కాబట్టి బాట ఇంటి వెనుక తలుపు దగ్గర మొదలై, చుట్టూ తిరిగి, మళ్ళీ ఆ తలుపు దగ్గరికే రావాలి.

ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు వున్న పెరడు చాలు. అంచుల్లో మొక్కలు, మధ్యలో ఒక మడి, వాటి నడుమ మూడున్నర అడుగుల బాట. ఒక చుట్టు దాదాపు 75 అడుగులు వస్తుంది. ఇరవై చుట్లు తిరిగితే 1,500 అడుగులు, అంటే 450 మీటర్ల పైమాటే. గేటు దాటకుండానే చక్కని వ్యాయామం అయిపోతుంది. చక్రాల కుర్చీ వాడేవారుంటే బాట ఐదడుగుల వెడల్పు వుంటే మంచిది.

బాట మీద ఏం పరవాలి? కరీంనగర్ ప్రాంతం గ్రానైటుకు పేరు. ఇంట్లో మిగిలిన నున్నటి పలకలు పెరట్లో పరచాలని మనసు లాగుతుంది. అది వద్దు. తడిస్తే జారతాయి, ఎండలో మెరిసి కళ్ళు చెదురుతాయి. పాలిషు లేని బండలుగాని, గరుకు సిమెంటుగాని వెయ్యండి. నలుపు, తెలుపు గళ్ళు అసలే వద్దు. ఈ జబ్బు వున్నవారికి నల్లటి గడి గుంటలాగా కనిపిస్తుంది. దాన్ని దాటబోయి పడిపోతారు. బాట అంతా ఒకే రంగులో వుండి, అంచు మాత్రం వేరే రంగులో కనిపించాలి. మెట్లు, గడపలు, పైకి తేలిన వేళ్ళు, నీళ్ళ గొట్టాలు అడ్డు రాకూడదు.

పదిహేను ఇరవై అడుగులకొక చోట కూర్చునే ఏర్పాటు వుండాలి. నులక మంచం మీద కూర్చుంటే లేవడం కష్టం. చేతులున్న కుర్చీ మేలు. అరుగు వుంటే దాని పక్కన పట్టుకోవడానికి ఒక గొట్టం బిగించండి.

వీధి గేటు కంటికి ఆనకుండా వుండాలి. ప్రహరీకి వేసిన రంగే గేటుకూ వెయ్యండి. లేదా దాని మీదికి మల్లె తీగ పాకించండి. గేటు కనిపిస్తే తియ్యాలనిపిస్తుంది, కనిపించకపోతే ఆ ధ్యాసే రాదు. గేటుకు నాలుగు మువ్వలు కట్టండి, కదిలితే మీకు వినిపిస్తుంది. తాళంచెవి మాత్రం ఇంట్లో అందరికీ తెలిసిన చోట వుండాలి. అగ్గి అంటుకుంటే వెతుక్కునే వేళ వుండదు. ఇక ఇంట్లోకి వెళ్ళే తలుపు దూరం నుంచే తెలియాలి. దానికి పసుపు పూసి, తోరణం కట్టండి. "అదిగో, పచ్చటి దర్వాజ మనది" అంటే సులువుగా పట్టుకుంటారు.

బతుకమ్మ పూలే మేలైన మొక్కలు

తోట అనగానే నర్సరీకి వెళ్ళి ఖరీదైన క్రోటన్లు తేనక్కరలేదు. వాటితో వాళ్ళకు ఏ జ్ఞాపకమూ లేదు. చిన్నప్పుడు కోసిన పూలు, తిన్న కాయలు, నలిపి వాసన చూసిన ఆకులు - ఇవే కావాలి. కొత్త సంగతులు నిలవకపోయినా చిన్ననాటి సంగతులు చాలాకాలం మిగిలి వుంటాయి.

మన ఉత్తర తెలంగాణలో ఆడవాళ్ళ చిన్నతనమంతా బతుకమ్మ పూలలో వుంది. తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్ల పువ్వు, గుమ్మడి పువ్వు. వయసు మీరిన కంటికి నీలం, ఊదా రంగులు మసకబారతాయి. పసుపు, నారింజ, ఎరుపు బాగా తెలుస్తాయి. తంగేడు, బంతి, గుమ్మడి పూలు సరిగ్గా ఆ రంగులవే కావడం మన అదృష్టం. తొలకరికి బంతి, గునుగు విత్తనాలు చల్లితే దసరా నాటికి పూస్తాయి.

పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ అమ్మమ్మ ముందు తాంబాళం పెట్టి, పూలు పోసి చూడండి. మనుమరాలి పేరు అందకపోయినా ఆమె వేళ్ళు వరుస తప్పకుండా పూలు పేర్చవచ్చు. పాట కూడా అందుకోవచ్చు. ఎందుకంటే పేర్లు, తేదీలు దాచే భాగం మెదడులో వేరు, చేతి అలవాట్లు దాచే భాగం వేరు. రెండోది చాలాకాలం చెక్కుచెదరకుండా వుంటుంది. రాగాల జ్ఞాపకం కూడా అలాగే నిలుస్తుంది.

వాసన పసిగట్టే శక్తి ఈ జబ్బులో తొందరగా తగ్గుతుంది. అందుకని ఘాటైన వాసనలుండే మొక్కలు పెంచాలి. తులసి, పుదీన, కొత్తిమీర, కరివేపాకు, మరువం, నిమ్మగడ్డి, మల్లె. ఒక ఆకు తుంచి, నలిపి, చేతికివ్వండి. తులసి గద్దె బాట మలుపులో వుంటే అది గుర్తుగానూ పనికొస్తుంది.

ఆదిలాబాదులో మరో సంగతి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ మరాఠీ, గోండి, ఉర్దూ తల్లిభాషగా వున్న ఇళ్ళు ఎన్నో వున్నాయి. చాలామంది రోగులకు తర్వాత నేర్చిన భాష ముందు జారిపోయి, తల్లిభాష మిగులుతుంది. బంతిని "ఝెండూ" అంటేనే ఆ పెద్దమ్మ ముఖం విప్పారుతుంది. తంగేడును "తరవడ్" అనాలి. ఉర్దూ ఇంట్లో మల్లెను "మోగ్రా" అనాలి. అన్నట్టు, రెండు భాషలు మాట్లాడటంవల్ల ఒక లాభం కూడా వుంది. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే భాష తెలిసినవారికంటే రెండు భాషలు తెలిసినవారికి ఈ జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది.

చేతికి పని ఇవ్వండి

ఊరికే తిరగమంటే ఎవరికైనా విసుగే. ఆయన జీవితమంతా ఏ పని చేశారో ఆలోచించండి. రైతు అయితే పాదులు సరిచెయ్యడం, గింజలు ఏరడం, చిన్న చెంబుతో నీళ్ళు పొయ్యడం. సిరిసిల్ల నేతన్న అయితే చిక్కుడు పందిరికి దారాలు కట్టడం. గోదావరిఖనిలో రిటైరైన బొగ్గుగని కార్మికుడు తెల్లవారుజామునే లేచి "డ్యూటీ యాళ్లయింది" అంటుంటే, "నువ్వు రిటైరై ఇరవై ఏండ్లయింది" అని వాదించకండి. టిఫిను డబ్బా చేతికిచ్చి, బాట మీద రెండు చుట్లు తిప్పి, కుర్చీలో కూర్చోబెట్టి ఆ డబ్బాలోని ఉప్మా తినిపించండి. డ్యూటీ అయిపోతుంది!

నడుము వంచితే తల తిరిగి పడే ప్రమాదం వుంది. కనుక రెండు, రెండున్నర అడుగుల ఎత్తున ఒక మడి కట్టించండి. ఇటుకలు లేకపోతే పాత బల్ల మీద కుండీలు పెట్టినా సరే. అందులో మెంతి, ధనియాలు, తోటకూర వెయ్యండి. మెంతి నాలుగు రోజుల్లో మొలుస్తుంది, ధనియాలకు ఇంకాస్త ఎక్కువ రోజులు పడుతుంది. ఆయన మొక్కలు పెరికేస్తే పెరకనివ్వండి. మళ్ళీ గింజలు చల్లితే పోయింది పావలా ఖర్చు. ఒకే కుండీకి పదిసార్లు నీళ్ళు పోస్తే అడుగున రంధ్రం వున్న కుండీ ఇవ్వండి, కోప్పడకండి. "ఈ పువ్వు పేరేంటి? గుర్తులేదా?" అని పరీక్షలు పెట్టకండి. "తంగేడు బాగ పూసింది గద నాయినా" అని మీరే చెప్పండి. తెలియలేదన్న అవమానం వాళ్ళకు మిగలకూడదు.

ఈ మొక్కలు తీసెయ్యండి

ఈ జబ్బు ముదిరినప్పుడు ఏది కనిపించినా నోట్లో పెట్టుకోవచ్చు. అందుకని పెరట్లో విషపు మొక్క ఒక్కటి కూడా వుండకూడదు.

గన్నేరు, పచ్చగన్నేరు: పూజకు వాడతామని పెంచుకుంటాం. వీటి ఆకులు, గింజలు గుండెను దెబ్బతీస్తాయి, ప్రాణం తియ్యగలవు.

ఉమ్మెత్త: గింజలు తింటే పిచ్చి చూపులు, భ్రమలు కలుగుతాయి. మతిమరుపు వున్నవారికి మరీ ప్రమాదం.

గురివింద, ఆముదం, అడవి ఆముదం: గింజలు కొరికి నమిలితే విషం.

జిల్లేడు: పాలు కంట్లో పడితే చూపుకు హాని.

డిఫెన్‌బేకియా: ఆకుల మీద తెల్లమచ్చలతో అందంగా వుండే కుండీ మొక్క. నమిలితే నాలుక, గొంతు వాచిపోతాయి.

నాగజెముడు, కాగితం పూల తీగ, గులాబీ వంటి ముళ్ళ మొక్కలు బాటకు దూరంగా వుండాలి.

పత్తి పండించే ఇళ్ళకు మరో హెచ్చరిక. పురుగుమందు డబ్బాలు పెరటి గోడ మీదనో, పశువుల పాక చూరులోనో పెట్టే అలవాటు వుంది. అవి తాళం వేసిన పెట్టెలోకి పోవాలి. ఖాళీ డబ్బాల్లో తాగే నీళ్ళు పట్టకూడదు. ఈ తోట మొక్కల మీద ఏ మందూ చల్లకూడదు. చేదబావి వుంటే ఇనుప జాలీ బిగించండి. నీళ్ళ తొట్లకు, సంపులకు గట్టి మూతలు పెట్టండి. పొదలు దట్టంగా పెరగనిస్తే పాములు, తేళ్ళు చేరతాయి.

ఎండ, చలి చూసుకోవాలి

రామగుండం, ఆదిలాబాద్ ఎండలు ఎలా వుంటాయో వేరే చెప్పక్కరలేదు. వేసవిలో 45 డిగ్రీలు కూడా దాటుతుంది. ఈ రోగులకు దాహం వేసినా అడగడం తెలియదు. వేసవిలో ఉదయం ఎనిమిది లోపల, సాయంత్రం ఎండ తగ్గాక మాత్రమే బయటికి పంపండి. వెళ్ళేముందు ఒక గ్లాసు మజ్జిగగాని నీళ్ళుగాని, వచ్చాక మరో గ్లాసు ఇవ్వండి. గుండె, మూత్రపిండాల జబ్బువల్ల డాక్టరు నీళ్ళు తగ్గించమని వుంటే ఆ లెక్కే పాటించండి. వేప, కానుగ, జామ నీడనిస్తాయి. అవి ఎదిగే లోపల చిక్కుడు, బీర పందిరి చాలు. ఆదిలాబాద్ చలి కూడా తక్కువది కాదు. శీతాకాలం పొద్దెక్కి, ఎండ వెచ్చబడ్డాక తీసుకురండి. కాళ్ళకు వెనుక పట్టీ వున్న చెప్పులు తప్పనిసరి, షుగరు వున్నవారికి మరీనూ.

సాయంత్రపు గాభరా మొదలయ్యే వేళకు అరగంట ముందే తోటలోకి తీసుకువెళ్ళడం మంచి ఉపాయం. చీకటి పడకముందే లోపలికి తెచ్చి, ఇంట్లో దీపాలన్నీ వేసి వుంచండి. నీడలు భయపెడతాయి.

పెరడు లేనివాళ్ళ సంగతి?

సింగరేణి క్వార్టరులో పది అడుగుల జాగా వున్నా ఒక పందిరి, నాలుగు కుండీలు, ఒక కుర్చీ పడతాయి. అపార్టుమెంటులో అయితే బాల్కనీ గ్రిల్లు ఛాతీకంటే ఎత్తుగా వుండాలి. కుర్చీగాని, ఎక్కడానికి వీలైన కుండీగాని గ్రిల్లు పక్కన పెట్టకూడదు. డాబా మీదికి ఒంటరిగా ఎప్పుడూ పంపవద్దు. మంచం పట్టినవారికి మంచాన్నే కిటికీ దగ్గరికి జరపండి. చేతిలో ఒక తులసి రెమ్మ పెట్టండి.

చూసుకునేవారి కోసం కూడా

ఈ జబ్బులో రోగితోపాటు నలిగిపోయేది చూసుకునే మనిషి. చాలా ఇళ్ళలో ఆమె కోడలు, లేదా భార్య. వంటింటి కిటికీలోంచి బాట మొత్తం కనిపించేలా మొక్కలు నాటండి. అప్పుడు ఆమె ప్రతి నిమిషం వెంట తిరగనక్కరలేదు. ఇంటి మగవాళ్ళు రోజూ సాయంత్రం ఒక గంట పెద్దాయనతో తోటలో గడిపి, ఆ గంట ఆమెకు వదిలెయ్యాలి. మందు చీటీలో రాయదగ్గ సలహా ఇది.

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకరోజు మనిషి గేటు దాటవచ్చు. చొక్కా జేబు లోపలివైపు ఇంటి ఫోను నంబరు కుట్టండి. ఈ మధ్య తీసిన ఫోటో ఒకటి దగ్గర వుంచుకోండి. పక్కింటివారికి, మూలమీది కిరాణా కొట్టుకు, ఆటో స్టాండుకు సంగతి ముందే చెప్పి వుంచండి. కనిపించకపోతే సాయంత్రం దాకా చూడకుండా వెంటనే 112కు ఫోను చెయ్యండి. పెద్దల సమస్యల మీద సలహాకు 14567 అనే ఉచిత నంబరు వుంది.

మీరు ఈ వారం మొదలుపెట్టదలిస్తే ఖర్చు లేని మూడు పనులు చెయ్యండి. ఒకటి, పెరట్లో గన్నేరు, ఉమ్మెత్త వంటివి వుంటే పీకెయ్యండి. రెండు, కాళ్ళకు అడ్డం పడేవన్నీ తీసి, గోడ వెంబడి ఒక చుట్టు దారి సాపు చెయ్యండి. మూడు, రేపు పొద్దున పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆ దారిన రెండుసార్లు నడవండి. ఎక్కడ ఆగుతారో, ఏది ముట్టుకుంటారో గమనించండి. మొదటి మొక్క అక్కడ నాటాలి.